శాపమూ, విమోచనమూ, ఒక పాత్ర కాగితమూ

చాలా ఏళ్ళ క్రితం ఒక శనివారం రాత్రి నేను మా జట్టులోని పెద్దాయన ఒకర్ని తోడేలుగా మార్చాను. మార్చడంతో ఆగక, ఆయన చేతిలోని కాగితాన్ని కూడా తీసేసుకున్నాను. మొదటిది ఆటలో జరిగింది. రెండవది నిజంగానే జరిగింది. మొదటిదాన్ని ఆయన నవ్వుతూ ఒప్పుకున్నారు. రెండవదాని తరువాత మూడు వారాలు ఏవో పనులున్నాయన్నారు, ఆ పైన మా ఇంటికి రావడమే మానేశారు. నా తప్పేమిటో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ వెతుకులాటలో దొరికిన చరిత్రనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఈ ఆట సంగతి తెలియనివారికి రెండు మాటలు. ఇది కంప్యూటరు ఆట కాదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, నోటిమాటతోనే ఒక కథను నడిపే ఆట. ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర. ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె, మరొకడు దొంగ. ఆ పాత్ర బలమెంత, తెలివెంత, దగ్గరున్న ఆయుధాలేమిటి అన్నవన్నీ ఒక కాగితం మీద రాసి ఉంటాయి. బల్లకు ఒక చివర కూర్చున్నవాడు మాత్రం ఏ ఒక్క పాత్రనూ ఆడడు. ఊళ్ళనూ, అడవులనూ, శత్రువులనూ, దారిన పోయేవారినీ అన్నిటినీ అతడే పలికిస్తాడు. ఇంగ్లీషులో అతణ్ణి డంజన్ మాస్టర్ అనీ, గేమ్ మాస్టర్ అనీ, స్టోరీటెల్లర్ అనీ ఆటను బట్టి రకరకాలుగా పిలుస్తారు. నేను సూత్రధారి అంటాను. మన నాటకాలలో ఆ మాట ఉండనే ఉంది. ఫలితం ఎటూ తేలని చోట పాచికలు వేస్తారు. మొత్తం ఆట ఇంతే.

ఈ ఆటకంతటికీ రాయని ఒప్పందం ఒకటుంది. లోకమంతా సూత్రధారిది, కానీ పాత్ర మాత్రం ఆటగాడిది. సూత్రధారి పిడుగు కురిపించవచ్చు, కొండ కూల్చవచ్చు. “నీ పాత్ర ఇప్పుడు భయపడి పారిపోతున్నాడు” అని మాత్రం అనకూడదు. భయపడాలో వద్దో ఆటగాడే చెబుతాడు.

మరి ఆ పాత్రే రాక్షసుడిగా మారితే? తోడేలు మనిషి కరిచింది, పున్నమి వచ్చింది, యోధుడికి కోరలు మొలిచాయి. ఇప్పుడతడు ఎవరివాడు? ఆటగాడివాడా, సూత్రధారివాడా? యాభై ఏళ్ళకు పైబడిన ఈ ఆట చరిత్రలో ఈ ప్రశ్నకు వచ్చినన్ని జవాబులు మరే ప్రశ్నకూ రాలేదేమో అని నాకనిపిస్తుంది.

విచిత్రమేమంటే, ప్రశ్న ఆటకంటే ముందే పుట్టింది. 1971 ప్రాంతంలో అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాలలో (మనకు హైదరాబాదు, సికిందరాబాదుల్లా వారికవి జంటనగరాలు) డేవ్ ఆర్నెసన్ అనే యువకుడు తన మిత్రులతో బ్లాక్‌మూర్ అనే కల్పిత రాజ్యంలో ఆట మొదలుపెట్టాడు. అప్పటికి అచ్చయిన నియమాలు లేవు. వారం వారం ఆడుతూ, అవసరమైన నియమాన్ని అప్పటికప్పుడు కల్పించుకునేవారు. ఆ ఆటగాళ్ళలో డేవిడ్ ఫాంట్ ఒకడు. అతని పాత్ర బ్లాక్‌మూర్ కోటకు అధిపతి. ఆ అధిపతి కాస్తా ఒక రక్తపిశాచి చేతిలో పడి తానూ రక్తపిశాచి అయిపోయాడు. ఆనాటి ఆటగాళ్ళు తరువాత చెప్పుకున్న జ్ఞాపకాలలో అతడు ‘సర్ ఫాంగ్’, అంటే కోరల దొరగారు.

ఇక్కడ ఆర్నెసన్ చేసిన పని గమనించదగ్గది. అతడు పాత్రను వెనక్కి తీసుకోలేదు. ఫాంట్‌నే ఆ పిశాచిని ఆడనిచ్చాడు. బ్లాక్‌మూర్‌లో ఆటగాళ్ళు ఒకరికొకరు ఎదురు నిలవడం అరుదేమీ కాదు కాబట్టి అది చెల్లింది. అయితే సర్ ఫాంగ్ రానురాను మరీ బలవంతుడై మిగిలినవారికి కొరకరాని కొయ్య అయ్యాడు. అప్పుడేం చేశారు? అతని రెక్కలు కత్తిరించే నియమం పెట్టలేదు. అతనికొక పోటీదారును పుట్టించారు. మైక్ కార్ అనే మరో ఆటగాడు మతగురువు పాత్ర ధరించాడు. సినిమాలలో శిలువ చూపించి పిశాచాలను తరిమే వేటగాళ్ళు ఉంటారు చూడండి, అలాంటివాడన్నమాట. 1974లో గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను అచ్చువేసినప్పుడు అందులో ఉన్న మూడు పాత్రవర్గాలలో ఒకటి ‘క్లెరిక్’. దానికి మూలం ఈ తగవే అని ఆనాటివారు చెబుతారు. అంటే నేటికీ లక్షలమంది ఆడే ఒక పాత్రవర్గం, రాక్షసుడిగా మారిన ఒక ఆటగాడి పాత్రను లాక్కోకుండా దారికి తేవాలన్న ప్రయత్నంలో పుట్టిందన్నమాట. సమస్యను ఆటలోనే తీర్చారు, కాగితం దగ్గర తీర్చలేదు. ఈ తేడా నాకు తెలిసివుంటే ఆ శనివారం మరోలా గడిచేది.

ఆ 1974 పుస్తకాలలోనే రెండు పరస్పర విరుద్ధమైన స్వరాలు వినిపిస్తాయి. ఒక చోట, ఆటగాడు ఏ రూపం కోరుకున్నా ఇవ్వవచ్చు, డ్రాగన్ కావాలన్నా సరే, పిల్ల డ్రాగన్‌గా బలహీనంగా మొదలుపెట్టి పైకి రావాలంతే అన్న ఉదార భావం కనబడుతుంది. మరొక చోట, రక్తపిశాచి చంపిన మనిషి పిశాచిగా లేచి, తనను అలా చేసినవాడి అదుపులో ఉంటాడని రాసి ఉంటుంది. ఆ చేసినవాడు సూత్రధారి ఆడించే పిశాచి అయినప్పుడు పగ్గాలు ఎవరి చేతికి పోతాయో వేరే చెప్పనక్కరలేదు. తోడేలు మనుషుల చేతిలో బాగా గాయపడ్డవాడు తానూ తోడేలవుతాడన్న నియమమూ అప్పటిదే.

గైగాక్స్ ఆ తరువాత అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో ఆటను పెంచినప్పుడు తలుపు చాలావరకు మూసేశాడు. 1979లో వచ్చిన సూత్రధారి గ్రంథంలో, రాక్షస పాత్రల మీద ఒక భాగమే కేటాయించి, ఈ ఆట మనుషుల చుట్టూ తిరిగేదనీ, రాక్షసుణ్ణి కోరేవారిలో ఎక్కువమంది కోరేది బలాన్నేననీ వాదించాడు. వాదన కటువుగా ఉన్నా అందులో నిజం లేకపోలేదు. తోడేలు మనిషిని మామూలు కత్తి గాయపరచలేదు, వెండి ఆయుధమో, మంత్రించిన ఆయుధమో కావాలి. ఇక కరిపించుకున్న యోధుడికి అది శాపమా, వరమా? నలుగురిలో ఒక్కడికే అంత వరం దక్కితే మిగతా ముగ్గురూ ఏం కావాలి? నియమాలు రాసేవారిని దశాబ్దాల పాటు వేధించిన చిక్కు ఇదే. శాపాన్ని శాపంగానే ఉంచాలంటే అందులో నష్టం ఉండాలి. ఆటలో అన్నిటికన్నా పెద్ద నష్టం పాత్ర చెయ్యిజారిపోవడం. అందుకే చేతికందిన ధర అదే అయింది.

ఆ పక్కనే మరో వింత. 1978 నాటి ఆటగాళ్ళ గ్రంథంలో పునర్జన్మ మంత్రం ఒకటుంది. చనిపోయిన పాత్ర దానివల్ల తిరిగి వస్తుంది, కానీ ఏ రూపంలో వస్తుందో పాచిక చెప్పాలి. గాబ్లిన్‌గా రావచ్చు, ట్రోల్‌గా రావచ్చు. ఆ పాత్రను మాత్రం ఆటగాడే ఆడతాడు, ఎవరూ లాక్కోరు. అంటే రూపం వికృతమవడం అసలు సమస్య కాదు. బుద్ధి ఎవరిదన్నదే సమస్య.

బుద్ధిని అంకెలలో కొలిచిన ఘనత 1981లో ఖేయోసియం సంస్థ ప్రచురించిన కాల్ ఆఫ్ క్తుల్హూది. శాండీ పీటర్సన్ రూపొందించిన ఆ ఆటలో ప్రతి పాత్రకూ చిత్తస్వాస్థ్యం ఒక అంకె. చూడరానివి చూసినప్పుడల్లా అది తరుగుతుంది. సున్నాకు చేరితే పాత్ర ఆటగాడి చెయ్యి దాటిపోతుంది. ఫలితం కఠినమే. కానీ ఇక్కడ కొత్తదనం ఒకటుంది. పతనం హఠాత్తుగా రాదు. ఆటగాడు తన కాగితం మీద తన చేత్తోనే ఆ అంకెను కొట్టేసి, చిన్నదాన్ని రాసుకుంటూ పోతాడు. గొయ్యి ఎంత దూరంలో ఉందో అతనికి తెలుస్తూనే ఉంటుంది. 1990లో వచ్చిన రావెన్‌లాఫ్ట్ పెట్టె దీన్నే రూపాంతరానికి అన్వయించింది. ఆ చీకటి రాజ్యంలో దుష్కార్యం చేసినవాడు పాచిక వెయ్యాలి. అది వికటిస్తే ఒక శక్తీ వస్తుంది, దానితోబాటు ఒక వికారమూ వస్తుంది. మెట్టు మెట్టుగా దిగి, చివరి మెట్టు దగ్గర పాత్ర సూత్రధారి పాలవుతుంది. ప్రతి మెట్టు దగ్గరా వెనుదిరిగే అవకాశం మాత్రం ఉంటుంది.

ఇక 1991లో వైట్ వుల్ఫ్ సంస్థ నుంచి మార్క్ రైన్-హాగెన్ రూపొందించిన వాంపైర్: ది మాస్కరేడ్ వచ్చి ప్రశ్ననే తలకిందులు చేసింది. అందులో రూపాంతరం ఒక ప్రమాదం కాదు, ఆటకు ఆరంభమే అది. అందరూ రక్తపిశాచాలే. మారిపోతే ఏం చెయ్యాలి అన్న ప్రశ్న పోయి, మారిపోయినవాడు మనిషిగా ఎంతకాలం ఉండగలడు అన్న ప్రశ్న వచ్చింది. దానికి కొలమానం ‘మానవత్వం’, 10 నుంచి 0 దాకా. పాపం చేసినప్పుడల్లా అది జారే ప్రమాదం ఉంటుంది. లోపలున్న మృగం ఒక్కోసారి పైకి లేస్తుంది. ఆటగాడు తన సంకల్పబలాన్ని ఖర్చుపెట్టి దాన్ని కొంత అదుపు చేసుకోవచ్చు. మానవత్వం సున్నా అయితే మాత్రం ఇక్కడా పాత్ర సూత్రధారిదే. మరుసటి ఏడు, 1992లో, వేర్‌వుల్ఫ్: ది అపోకలిప్స్ వచ్చింది. అదే ఏడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ వారు కూడా తోడేలు మనుషులను ఆటగాళ్ళు ఆడుకోవడానికి నైట్ హౌలర్స్ అనే పుస్తకం వేశారు. మూసిన తలుపు తెరుచుకుంది.

2003లో వచ్చిన శావేజ్ స్పీసీస్ దారి వేరు. అది వ్యాపారి లెక్క. రాక్షస శక్తులకు వెల కట్టి, ఇన్ని శక్తులున్నవాడు ఇన్ని మెట్లు పైనున్నవాడితో సమానం అని లెక్క తేల్చింది. పేచీ తగ్గిన మాట నిజమే, కానీ బాధ కూడా తగ్గిపోయింది. రాక్షసత్వం ఒక జీతభత్యాల పట్టికలా తయారైంది.

నా శనివారం ఆ తరువాత ఏడాదే వచ్చింది. అప్పట్లో నేను అమెరికాలో ఒక చలి ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాను. వారాంతాలలో అయిదుగురం తెలుగువాళ్ళం మా ఇంటి బేస్‌మెంటులో చేరేవాళ్ళం. నేను సూత్రధారిని. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్దవారు, కోనసీమవారు. నేను అన్నగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవారు. ఆయన పాత్ర ఒక ముసలి యోధుడు. దారిలో దొరికిన అనాథ కుర్రాణ్ణి ఒకణ్ణి చేరదీసి, కత్తి పట్టడం నేర్పి, రెండేళ్ళ ఆటలో పెంచి పెద్దచేశాడు. యోధుణ్ణి తోడేలు కరిచింది. పున్నమి వచ్చింది. నేను చెయ్యి చాచి “కాగితం ఇలా ఇవ్వండి అన్నగారూ, ఈ రాత్రికి మీరు కాదు” అన్నాను. ఇచ్చారు. ఆ తోడేలు చేత నేను ఆ కుర్రాణ్ణి చంపించాను. వర్ణన బాగా కుదిరిందని లోలోపల మురిసిపోయాను కూడా. ఏ పుస్తకమూ నన్ను అంత పని చెయ్యమనలేదు. అది నా సొంత తెలివి.

ఆ మీదట నేను చదివినవాటిలో రెండు నన్ను ఆపి ఆలోచింపజేశాయి. ఒకటి 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ కూర్పు రాక్షస గ్రంథం. తోడేలుగా మారిన పాత్ర గురించి అందులో ఒక చిన్న పెట్టె కట్టి రాశారు. శాపాన్ని ఎదిరించే పాత్ర తన మనసును నిలుపుకుంటుంది, పున్నమి నాటి అవస్థ మాత్రం తప్పదు. శాపాన్ని కౌగిలించుకుంటే స్వభావం మారుతుంది, అప్పుడు శాపం తొలగేదాకా పాత్రను తన అదుపులోకి తీసుకునే స్వేచ్ఛ సూత్రధారికి ఉంది. ఉంది అన్నారు గాని, తీసుకుని తీరాలని అనలేదు. పైగా ఎదిరించాలా, కౌగిలించాలా అన్న నిర్ణయాన్ని ముందు ఆటగాడికి వదిలారు.

రెండవది అంతకు రెండేళ్ళ ముందు, 2012లో, ఆవరీ ఆల్డర్ రూపొందించిన మాన్‌స్టర్‌హార్ట్స్. అందులో పాత్రలు బడిపిల్లలు, లోపల రాక్షసులు. ప్రతి పాత్రకూ ‘డార్కెస్ట్ సెల్ఫ్’ అనే చీకటి రూపం ఒకటుంది. అది పైకి లేచినప్పుడు పాత్ర ఎలా ప్రవర్తించాలో కాగితం మీదే రాసి ఉంటుంది. దాని కిందనే, ఏం జరిగితే అందులోంచి బయటపడతాడో అదీ రాసి ఉంటుంది. ఆ చీకటిని ఆడేది మాత్రం ఆటగాడే. సూత్రధారి చెయ్యి చాచడు.

అది చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మన భారతమే. అందులో రాక్షసరూపం పొందిన రాజులు ఇద్దరున్నారు. ఆదిపర్వంలో కల్మాషపాదుడు. ఇరుకు దారిలో తొలగలేదని వసిష్ఠుని కొడుకు శక్తిని కొరడాతో కొట్టి, రాక్షసుడివి కమ్మని శాపం తిన్నాడు. విశ్వామిత్రుని ప్రేరణతో కింకరుడనే రాక్షసుడు అతనిలో ప్రవేశించాడు. ఆ మీదట తినేవాడు రాజో రాక్షసుడో తెలియదు. శక్తినీ, అతని తమ్ములనూ తినేశాడు. పన్నెండేళ్ళ తరువాత వసిష్ఠుడే కరుణించి విడిపించవలసి వచ్చింది. రెండవవాడు అరణ్యపర్వంలోని నహుషుడు. అగస్త్యుని శాపంతో కొండచిలువ అయ్యాడు. కానీ తానెవరో మరిచిపోలేదు. తన ప్రశ్నలకు జవాబు చెప్పినవాడి వల్ల విముక్తి అన్న షరతూ అతనికి తెలుసు. భీముణ్ణి చుట్టేసి కూడా, ధర్మరాజుతో ధర్మం గురించి మాట్లాడగలిగాడు. ఒళ్ళు పాముదే, మాట మాత్రం నహుషుడిదే.

నేను అన్నగారిని కల్మాషపాదుణ్ణి చేశాను. చెయ్యవలసింది నహుషుణ్ణి. మన కథలలో శాపమిచ్చిన ముని కోపం చల్లారగానే విమోచనం చెప్పడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. దయ అనుకున్నాను ఇన్నాళ్ళూ. దయ ఒక్కటే కాదు, ఆ మాట లేకపోతే శపితుడికి కథలో చెయ్యడానికి పనేమీ మిగలదు. ఎదురు చూడడానికైనా, వెతకడానికైనా, చివరకు ఓడిపోవడానికైనా ఒక షరతు ఉండాలి.

ఇప్పటి పుస్తకాలు ఈ విషయంలో ముందున్నాయి. 2021 నాటి వాన్ రిక్టెన్స్ గైడ్ టు రావెన్‌లాఫ్ట్ వంటివి, భయానక కథ మొదలెట్టక ముందే అందరూ కూర్చుని ఎవరికి ఏది సమ్మతమో మాట్లాడుకోమంటాయి. ఆటకు ఆ మాత్రం ముందుమాట ఎందుకని నవ్వేవారున్నారు. మా బేస్‌మెంటులో ఒక్క ప్రశ్న ముందే అడిగివుంటే రెండేళ్ళ స్నేహం మిగిలేదని నాకు తెలుసు కాబట్టి నేను నవ్వలేను. ఇప్పుడు మా పిల్లలతో ఆడుతున్నప్పుడు ఎవరినైనా ఏదైనా కాటు వేస్తే, నేను ఆట ఆపి అడిగేవి మూడే. నీకిది ఇష్టమేనా? ఏం జరిగితే ఇది వదలాలి? వదిలేదాకా నువ్వే ఆడతావా? మూడవ ప్రశ్నకు “నువ్వే ఆడు నాన్నా” అన్నవాళ్ళూ ఉన్నారు. అప్పుడు తీసుకుంటాను. అడిగి తీసుకోవడం వేరు కదా.

అన్నగారిని ఆ మధ్య హైదరాబాదులో ఒక పెళ్ళిలో కలిశాను. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం. ధైర్యం చేసి ఆ రాత్రి సంగతి ఎత్తి, తప్పు నాదేనన్నాను. ఆయన గుర్తులేదంటారేమో అనుకున్నాను. కుర్రాడి పేరుతో సహా గుర్తుంది.

“నా చేతికి కాగితం ఉండి ఉంటే ఆ పిల్లాడు బతికేవాడనుకుంటున్నావా?” అన్నారు.

“బతికించేవారు కదండీ,” అన్నాను.

ఆయన కాసేపు విస్తరి వైపు చూసి, “ఏమో తమ్ముడూ, పున్నమి కదా. నేనూ చంపేవాణ్ణేమో,” అన్నారు. “కానీ నేనే చంపేవాణ్ణి. ఆ పైన ఎలా బతకాలో కూడా నేనే చూసుకునేవాణ్ణి.”

ఆ మాట తరువాత నాకు పెరుగన్నం దిగలేదు.

మీ ఇళ్ళల్లో, మీ బల్లల చుట్టూ ఇలాంటి శాపాలేమైనా తగిలివుంటే, వాటి విమోచనం ఎలా జరిగిందో రాయండి. నేర్చుకోవలసింది నాకింకా ఉంది.